తిన్న తరువాత క్లోమం ఏం చేస్తుంది: బల్ల మీద నడిచే నమూనా, ప్రాజెక్టు డైరీ

పదో తరగతికి జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు, వైజ్ఞానిక ప్రదర్శనకు నమూనా కట్టాలనుకునే విద్యార్థులు ఈ డైరీలోని కొలతలు తీసుకుని నేరుగా పని మొదలుపెట్టవచ్చు. ఎక్కడ ఏది చెడిందో, దాన్ని ఎందుకు మార్చానో కూడా రాశాను. అక్కడ మీ డబ్బు, శ్రమ మిగులుతాయి.

ప్రదర్శనల్లో కనిపించే థర్మోకోల్ క్లోమం ఆకారాన్ని బాగానే చూపిస్తుంది. జీర్ణాశయం వెనుక అడ్డంగా, దాదాపు 15 సెంటీమీటర్ల పొడవున, 100 గ్రాముల లోపు బరువుతో ఉండే గ్రంథి అని పిల్లలు గుర్తుపెట్టుకుంటారు. రోజుకు సుమారు లీటరున్నర రసం పోసే ఆ గ్రంథికి ఎప్పుడు పోయాలో, ఎంత పోయాలో, ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుందన్నది మాత్రం ఆ బొమ్మ చెప్పదు. ముఖ్యంగా ఆపడం గురించి మన పాఠాల్లో నాకు పెద్దగా ఏమీ కనిపించలేదు. ఈ నమూనా మొత్తం ఆ లోటు కోసమే.

దశ 1: గడియారం మీద నడిచిన రూపం

సామాన్లు, ధరలు రూపాయల్లో: ప్రోగ్రాముతో పంపులను నడిపించే చిన్న కంప్యూటరు లాంటి ఆర్డుయినో బోర్డు 450, 12 వోల్టుల అడాప్టరు 250, చిన్న పెరిస్టాల్టిక్ పంపులు మూడు 1,050, వాటిని నడిపే మాస్‌ఫెట్ బోర్డులు మూడు 180, సిలికాన్ గొట్టం 150, ద్రవాన్ని కలపడానికి నెమ్మదిగా తిరిగే గేరు మోటారు 150. మోటారు ఇరుసుకు ఐస్‌క్రీం పుల్ల కట్టాను.

పెరిస్టాల్టిక్ పంపులో చిన్న చక్రాలు గొట్టాన్ని బయటినుంచి నొక్కుతూ ద్రవాన్ని ముందుకు తోస్తాయి. ఆమ్లం లోహాన్ని తాకదు. అక్వేరియం పంపులు వాడకండి, వాటితో మిల్లీలీటర్ల లెక్క కుదరదు.

1. 500 మి.లీ. బీకరులో 50 మి.లీ. నీరు పోయాలి. ఇది ఆంత్రమూలం, అంటే చిన్నపేగు మొదటి భాగం.
2. మొదటి సీసాలో 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఇది జీర్ణాశయం నుంచి వచ్చేది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.
3. రెండో సీసాలో క్షారం. మూడో సీసాలో ఎంజైములు. ఈ దశలో రంగు నీళ్లు చాలు.
4. ఒక్కో పంపును ఒక నిమిషం కొలజాడీలోకి నడిపి ఎంత పోసిందో చూడాలి. ఒకే రకం పంపులైనా నాకు 41, 38, 35 మి.లీ. వచ్చాయి. ప్రోగ్రాములో ఏ పంపు సంఖ్య ఆ పంపుకే ఇవ్వాలి.

నిమిషానికోసారి 10 మి.లీ. ఆమ్లం, వెంటనే 10 మి.లీ. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ పోసేలా గడియారం పెట్టాను. కాగితం మీద రెండూ సరిసమానం. బీకరులో అలా నిలవలేదు. గొట్టం సాగేకొద్దీ పంపు వేగం మారుతుంది, ప్రతి చుట్టులోని కొంచెం తేడా తరువాతి చుట్టులో కలుస్తుంది. అయిదో చుట్టుకు పీహెచ్ 2.6 దగ్గర ఉంది. ఆమ్లం సీసా ఖాళీ చేసి నడిపితే ఇంకా అన్యాయం: తిండి రాకపోయినా క్షారం పోస్తూనే ఉంది, పీహెచ్ 12 దాకా పోయింది.

అంటే గడియారానికి పేగులో ఏముందో తెలియదు. తెలియాలంటే పేగే చెప్పాలి. సరిగ్గా ఈ విషయాన్నే 1902లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్తలు నిరూపించారు. మత్తిచ్చిన కుక్కలో చిన్నపేగు ముక్క ఒకదానికి వెళ్లే నరాలన్నీ తెంచి, అందులో ఆమ్లం పోశారు. అయినా క్లోమం రసం విడుదల చేసింది. తరువాత పేగు లోపలి పొరను గీకి, ఆమ్లంతో నూరి, వడకట్టి రక్తనాళంలోకి ఎక్కించినా రసం వచ్చింది. కబురు రక్తంలో ప్రయాణించిందని తేలింది. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. అలాంటి రక్త దూతలన్నిటికీ 'హార్మోను' అన్న పేరును స్టార్లింగ్ 1905లో వాడాడు. అప్పటిదాకా రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగశాల చెప్పినట్టు ఇదంతా నరాల పనే అనుకునేవారు.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 2,230.

దశ 2: ఆమ్లాన్ని పసిగట్టడం

కొత్తగా కొన్నవి: పీహెచ్ ఎలక్ట్రోడు, దాని బోర్డు 1,400, సరిచూసుకునే బఫర్ పొడులు 100.

నిబంధన సులువు. ఆంత్రమూలంలో పీహెచ్ 4.5 కంటే తగ్గితే అక్కడి ఎస్ కణాలు సెక్రెటిన్ వదులుతాయి. కాబట్టి 4.5 కిందికి దిగితే క్షారం పంపు నడవాలి, పైకి వస్తే ఆగాలి. దీని చుట్టూనే ఎక్కువ పని జరిగింది.

మొదటి చిక్కు విద్యుత్తు నుంచి వచ్చింది. పంపు తిరుగుతున్నంతసేపు ఎలక్ట్రోడు అంకెలు 0.4 వరకు ఎగిరిపడ్డాయి. పంపు ఆపి, సెకను ఆగి, పది రీడింగులు తీసుకుని మధ్యది ఎంచుకునేలా రాశాక కుదుటపడింది.

రెండో చిక్కు సోడియం హైడ్రాక్సైడ్. పోసిన క్షారం బీకరంతా కలిసి, ఎలక్ట్రోడు దాన్ని గుర్తించే లోపు పదిహేను సెకన్లు పట్టింది. ఆ పదిహేను సెకన్లలో మరో 9 మి.లీ. పడిపోయింది. పీహెచ్ 2 నుంచి 11 దాటింది. మళ్లీ ఆమ్లం వస్తే 2కి పడింది. ఊయల ఆగలేదు. పైగా పిండిపదార్థం పరీక్ష కోసం వేసిన అయోడిన్ నీలిరంగు ఎంజైము లేకుండానే మాయమైంది. గాఢమైన క్షారం అయోడిన్‌నే హరిస్తుంది. పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైము అమైలేజ్ పనిచేసిందని చూసేవారు నమ్మేస్తారు. ఇది చాలా ప్రమాదకరమైన తప్పుడు ఫలితం. సోడియం హైడ్రాక్సైడ్‌తో అయోడిన్ పరీక్ష ఎవరూ చేయవద్దు.

అక్కడ వంటసోడాకు మారాను. లీటరు నీటికి 10 గ్రాములు కలిపితే లీటరుకు దాదాపు 120 మిల్లీమోళ్ల బైకార్బనేట్ వస్తుంది. మనిషి క్లోమరసం జోరుగా పారుతున్నప్పుడు అందులో ఉండే బైకార్బనేట్ గాఢత కూడా ఇంచుమించు ఇంతే. కిరాణా కొట్టులో దొరికే పొడితో ఆ గాఢతను బీకరులో చూపించగలగడం నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే నచ్చిన సంగతి.

ఫలితం వెంటనే కనిపించింది. కావాలని ఎక్కువ పోసినా పీహెచ్ 8 దాటలేదు. బైకార్బనేట్ ద్రావణం స్వభావమే అది, 8.3 దగ్గర దాని హద్దు. పోసేవాడి చేయి కొంచెం జారినా పేగు గోడకు హాని లేదు. క్లోమ నాళాల గోడల్లోని కణాలు వేరే క్షారం కాక దీన్నే ఎందుకు వదులుతాయో చెప్పడానికి ఈ రెండు సీసాలను పక్కపక్కన నడపడం చాలు.

మూడో చిక్కు నురగ. ఆమ్లం, బైకార్బనేట్ కలిస్తే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కొంత బుడగలుగా పోతుంది, కొంత నీటిలోనే కరిగి ఉండి పీహెచ్‌ను కిందికి పట్టి ఉంచుతుంది. ఎలక్ట్రోడు ఇంకా ఆమ్లమే ఉందనుకుని పంపును నడిపిస్తూ పోయింది. లెక్క ప్రకారం 50 మి.లీ. ఆమ్లానికి 42 మి.లీ. వంటసోడా నీరు సరిపోవాలి, 60 మి.లీ. దాకా ఖర్చయింది. శరీరంలో ఆ వాయువు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల ద్వారా పోతుంది కనుక అక్కడ ఈ ఇబ్బంది లేదు.

మార్పులు, వరుసగా:

1. క్షారం పంపు రెండు సెకన్లు నడవాలి, ఇరవై సెకన్లు ఆగాలి, అప్పుడే పీహెచ్ చదవాలి.
2. పంపు మొదలయ్యే గీత 4.5, ఆగే గీత 6.5. రెండూ ఒకటే అయితే పంపు క్షణానికోసారి వెలిగి ఆరుతుంది. 6.5 యంత్రం కోసం నేను పెట్టిన అంకె. శరీరంలో ఇలా ఒక మీట ఉండదు. ఆమ్లం తగ్గేకొద్దీ సెక్రెటిన్ క్రమంగా తగ్గుతుంది.
3. పీహెచ్ 4.5 కింద ఉన్నంతసేపు ఆమ్లం పంపుకు తాళం.

మూడోది పెట్టకముందు బీకరు పొంగి బల్ల తడిసింది. జీర్ణాశయం తన ఇష్టం వచ్చినట్టు పోస్తుంటే క్లోమం ఎంత పోసినా చాలదు. శరీరంలో ఆ తాళం నిజంగానే ఉంది: సెక్రెటిన్ క్లోమాన్ని పురమాయించడంతో పాటు జీర్ణాశయంలో ఆమ్లం తయారీని తగ్గిస్తుంది, ఆహారం కిందికి దిగే వేగాన్నీ తగ్గిస్తుంది.

మార్పుల తరువాత 50 మి.లీ. ఆమ్లానికి 47 మి.లీ. సోడా నీరు.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 3,730.

దశ 3: ఎంజైము సీసా

కొన్నవి: ప్రయోగశాల సామాను అమ్మే దుకాణంలో పాంక్రియాటిన్ పొడి 600, అక్వేరియం హీటరు 350, నీటిలో ముంచే ఉష్ణోగ్రత సెన్సారు 100.

పాంక్రియాటిన్ పంది క్లోమం నుంచి తీసినది. తరగతిలో ముందే చెప్పండి. తాకడం ఇష్టం లేని పిల్లలకు గడియారం, నమోదు పని అప్పగించండి. పొడి ముక్కులోకి పోతే మంట, అలర్జీ వస్తాయి. మాస్కు పెట్టుకుని పెద్దవాళ్లే కలపాలి.

హీటరుతో 37 డిగ్రీలు రాలేదు. అక్వేరియం హీటర్లు చాలావరకు 34 దగ్గర ఆగిపోతాయి, చేపలకు అంతకుమించి అక్కర్లేదు. బీకరును 34 డిగ్రీల నీటి తొట్టిలో పెట్టి, అదే అంకెను ప్రతి పట్టికలో రాశాను. ఎంజైములు కాస్త నెమ్మదిస్తాయి తప్ప ఆగవు.

1. ఒక గ్రాము పొడిని 100 మి.లీ. సోడా నీటిలో కలిపి, పలుచని నూలుబట్టలో వడకట్టాలి. వడకట్టకపోతే గొట్టం మూసుకుపోతుంది.
2. ఒక గ్రాము మొక్కజొన్న పిండిని 100 మి.లీ. నీటిలో మరిగించి చల్లార్చాలి.
3. అయిదు మి.లీ. పిండి ద్రావణానికి ఒక మి.లీ. ఎంజైము. అర నిమిషానికోసారి ఒక చుక్క తీసి, తెల్ల పింగాణీ పలక మీది అయోడిన్ చుక్కకు కలపాలి.

సోడా నీటిలో కలిపిన ఎంజైముతో నీలిరంగు ఎర్రటి గోధుమ రంగుకు, అక్కడి నుంచి పసుపుకు దాదాపు రెండు నిమిషాల్లో మారింది. అదే ఎంజైమును ఆమ్లంలో వేసినప్పుడు పావుగంట తరువాత కూడా నీలమే. అప్పుడు ఆమ్లం ఉన్న నాళికలో సోడా పోసి పీహెచ్ 7కి తెచ్చినా రంగు దాదాపుగా కదలలేదు. ఆమ్లంలో ఎంజైము నిద్రపోలేదు, పాడైపోయింది. కాబట్టి క్రమం ముఖ్యం: ముందు సోడా, తరువాత ఎంజైము. ప్రోగ్రాములో పీహెచ్ 6 దాటితే తప్ప ఎంజైము పంపు వెలగకుండా కట్టేశాను.

మందుల దుకాణంలో దొరికే పాంక్రియాటిన్ గుళికల్లో సన్నని గింజలుంటాయి. క్లోమం దెబ్బతిన్న రోగులు భోజనంతో పాటు వేసుకునేవి. ఆ గింజలు ఆమ్లంలో కరగవు, వాటి మీది పూత 5.5 దాటాకే విడిపోతుంది. వాటిని ఆమ్లంలో వేసి, తరువాత సోడాలోకి మార్చి చూపించండి. ఆ పూత ఎందుకో మాటలతో చెప్పక్కర్లేదు.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 4,780.

దశ 4: కొవ్వు, మాంసకృత్తుల కబురు

ఆమ్లానికి సెక్రెటిన్ ఉన్నట్టే, కొవ్వు ఆమ్లాలు, అమైనో ఆమ్లాలు పేగును తాకితే ఐ కణాలు కోలిసిస్టోకైనిన్ అనే హార్మోను వదులుతాయి. క్లోమంలోని అసినార్ కణాల నుంచి ఎంజైములను రప్పించేది ఈ కబురే. పిత్తాశయం ముడుచుకునేదీ దీనివల్లే. ఈ రెండు పనులకు వేర్వేరు హార్మోన్లున్నాయని కొంతకాలం అనుకున్నారు. 1928లో పిత్తాశయాన్ని ముడిపించేదానికి ఒక పేరు, 1943లో ఎంజైములు రప్పించేదానికి ఇంకో పేరు పెట్టారు. శుద్ధి చేసి చూశాక రెండూ ఒకటేనని తేలింది.

కొవ్వు ఆమ్లాన్ని కనిపెట్టే చవకైన సెన్సారు లేదు. నీటి మసకదనాన్ని కొలిచే సెన్సారు 700 రూపాయలకు దొరికింది. ఆహారం మసకగా వస్తుంది, జీర్ణమైతే తేటబడుతుంది. మసక ఉంటే ఎంజైము పంపు వెలగాలి, తేటబడితే ఆరాలి. ఐ కణం చూసేది మసకను కాదని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి బల్లకు అంటించాను.

మొదట ఆహారంగా వెన్న తీసిన పాలపొడి కలిపిన నీరు వాడాను. ఆమ్లం సీసాలో అది విరిగి గడ్డలు కట్టింది, పంపు గొట్టం బిగుసుకుపోయింది. పాలలోని కేసీన్ పీహెచ్ 4.6 దగ్గర విరిగిపోతుంది, అది తప్పించుకోలేనిది. కోడిగుడ్డు తెల్లసొనకు మారాను. అర లీటరు నీటిలో అయిదు మి.లీ. తెల్లసొన వేసి, కలుపుతూ మెల్లగా వేడిచేస్తే పొగమంచులా మసకబారుతుంది. ఆమ్లంలో కొంచెం రేణువులుగా చేరినా గొట్టం మూసుకోలేదు.

తరువాత వచ్చిన గొడవ సోడా బుడగలు. ఉత్త ఆమ్లం పోసినా నురగ రాగానే సెన్సారు దాన్ని ఆహారమనుకుంది, ఎంజైము పంపు వెలిగింది. సెన్సారును బీకరు నుంచి తీసి, పక్కన చిన్న గొట్టం పెట్టి, ద్రవం అడుగునుంచి అందులోకి చేరేలా మార్చాను. బుడగలు పైకి పోతాయి, సెన్సారు కింద ఉంటుంది. పీహెచ్ 6 దాటాక అరనిమిషం ఆగి చదవడం కూడా చేర్చాను.

ఇప్పుడు ఒక పూర్తి చుట్టు ఇలా ఉంది:

1. ఆమ్లం, తెల్లసొన కలిసిన 10 మి.లీ. వస్తుంది. పీహెచ్ పడిపోతుంది.
2. ఆమ్లం పంపుకు తాళం, ఈసారి ద్రవం తేటబడేదాకా. సోడా పంపు విడతలుగా నడుస్తుంది.
3. పీహెచ్ 6 దాటుతుంది. మసక ఉంది. ఎంజైము పంపు రెండేసి సెకన్లు నడుస్తుంది.
4. పది నిమిషాలు అటూ ఇటూగా ద్రవం తేటబడుతుంది. ఎంజైము పంపు దానంతట అదే ఆగుతుంది.
5. తాళం విడిపోతుంది. తరువాతి ముద్ద.

నాలుగో అంకె దగ్గర పిల్లల్ని నిలబెట్టి చూపించండి. ఎవరూ మీట నొక్కలేదు, పని ముగిసినందువల్లే పంపు ఆగింది. ఎలుకల పేగులో దీనికి చాలా దగ్గరి ఏర్పాటు ఉంది. కోలిసిస్టోకైనిన్‌ను విడుదల చేయించే చిన్న పెప్టైడులను (పొట్టి అమైనో ఆమ్లాల గొలుసులను), మాంసకృత్తులను కోసే క్లోమ ఎంజైము ట్రిప్సిన్ నరికేస్తుంది. ఆహారంలో మాంసకృత్తులున్నంతసేపు ట్రిప్సిన్ వాటితో తలమునకలై ఉంటుంది, పెప్టైడులు బతుకుతాయి, కబురు సాగుతుంది. ఆహారం అయిపోగానే ట్రిప్సిన్ పెప్టైడుల మీద పడుతుంది, కబురు తెగిపోతుంది. ఇంత పొదుపైన ఏర్పాటును చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యం తగ్గదు.

ఒక మీటను మాత్రం చేత్తో నొక్కడానికి ఉంచాను, దాని పేరు 'వాసన'. ఆహారం జీర్ణాశయందాకా రాకముందే, చూపు, వాసన, నమలడం వల్ల మెదడు నుంచి వచ్చే వేగస్ నరం క్లోమాన్ని కొంత కదిలిస్తుంది. భోజనానికి వచ్చే మొత్తం ఎంజైముల్లో అయిదో వంతు, నాలుగో వంతు దాకా ఈ విడతలోనివే. మీట నొక్కితే ఎంజైము పంపు ఒక్కసారి చిన్నగా నడుస్తుంది. పావ్లోవ్ చెప్పిన నరాల మాట ఈ భాగం వరకు నిజమే.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 5,480.

దశ 5: సీసాలో మిగిలిన రసం

కొవ్వు పరీక్ష కోసం అయిదు మి.లీ. వెన్న ఉన్న పాలు, చిటికెడు సోడియం కార్బనేట్, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ కలిపితే గులాబీ రంగు వస్తుంది. లైపేజ్ కొవ్వును విడగొడితే కొవ్వు ఆమ్లాలు పుట్టి రంగు పోతుంది.

వెన్న తీసిన పాలతో కూడా రంగు కొంత తగ్గింది. కారణం ట్రిప్సిన్. క్షార ద్రావణంలో మాంసకృత్తులు తెగినప్పుడు కూడా ఆమ్లత పెరుగుతుంది. అందుకని రెండు రకాల పాలనూ పక్కపక్కన పెట్టి, రెంటికీ మధ్య ఉన్న తేడానే లైపేజ్ పనిగా రాసుకోవాలి. ఈ జాగ్రత్త లేకుండా రాసిన పట్టికకు విలువ లేదు.

ఎంజైము సీసాను గది ఉష్ణోగ్రతలో రాత్రంతా ఉంచి, మర్నాడు అన్ని పరీక్షలూ తిరిగి చేశాను. పిండి పరీక్ష రెండు నిమిషాలకు బదులు మూడు నిమిషాలు పట్టింది. తెల్లసొన కాస్త ఆలస్యంగా తేటబడింది. వెన్న ఉన్న పాలకూ వెన్న తీసిన పాలకూ మాత్రం తేడా కనిపించలేదు. లైపేజ్ పోయింది. సీసాలోని ప్రొటీన్ కోసే ఎంజైములు, ముఖ్యంగా కైమోట్రిప్సిన్, పక్కనే ఉన్న లైపేజ్‌ను తినేశాయి. అమైలేజ్ గట్టిది, తట్టుకుంది. పేగులో కూడా ఇదే వరుస: కిందికి పోయేకొద్దీ అందరికంటే ముందు శక్తి కోల్పోయేది లైపేజ్.

నా ప్రయోగంలో ఇది నష్టమే. మందు సులువు: ఎంజైము ద్రావణం అప్పటికప్పుడు కలిపి, వాడేదాకా మంచుముక్కల్లో ఉంచి, గంటలోపు పూర్తిచేయాలి. కానీ పాడైన ఆ సీసాయే తరగతిలో మంచి పాఠం చెప్పింది. తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది: "సార్, సీసాలో ఒక్క రాత్రికే ఇలా అయితే, క్లోమంలో ఎప్పుడూ నిల్వ ఉండే రసం క్లోమాన్ని ఎందుకు తినదమ్మా అని మా అమ్మ అడిగితే ఏం చెప్పాలి?"

చెప్పాల్సింది ఇది. క్లోమం ట్రిప్సిన్‌ను తయారు చేయదు, ట్రిప్సినోజెన్ అనే పదును లేని రూపాన్ని తయారుచేస్తుంది. దాన్ని కణంలో పొర కట్టిన రేణువుల్లో దాస్తుంది. పేగు గోడ మీదున్న ఎంటరోకైనేజ్ తాకినప్పుడే దాని చివర ఒక ముక్క తెగి, అది ట్రిప్సిన్ అవుతుంది. ఆ ట్రిప్సిన్ మిగిలిన ఎంజైములకు పదును పెడుతుంది. పొరపాటున క్లోమంలోనే కొంచెం మేల్కొంటే పట్టుకుని ఆపడానికి స్పింక్1 అనే నిరోధకం అక్కడే కాపలా ఉంటుంది. ఇవన్నీ విఫలమైతే వచ్చేదే క్లోమశోథ, గ్రంథి తనను తాను జీర్ణించుకోవడం. మన దేశంలో చిన్న వయసులోనే క్లోమంలో రాళ్లు చేరే ఒక రకం జబ్బుకు స్పింక్1 జన్యువులోని మార్పులతో గట్టి సంబంధం ఉందని హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) పరిశోధకులు 2002లో ప్రచురించారు.

కొన్న పాంక్రియాటిన్‌లో ట్రిప్సిన్ అప్పటికే పదునుగా ఉంటుంది కాబట్టి ఎంటరోకైనేజ్ అడుగును ఈ నమూనా చూపలేదు. ఆ చోట ఒక చీటీ అంటించాను.

దశ 6: రక్తంలోకి వెళ్లే భాగం

క్లోమం బరువులో లాంగర్‌హాన్స్ పుటికల వాటా ఒకటి రెండు శాతమే. పాల్ లాంగర్‌హాన్స్ 1869లో గుర్తించిన ఈ పుటికలు మనిషిలో పది లక్షల దాకా ఉంటాయి. వీటి స్రావం గొట్టంలోకి పోదు, నేరుగా రక్తంలో కలుస్తుంది. బీకరులో దీన్ని రసాయనంతో చూపడం కుదరదు, ఇన్సులిన్‌తో ఆడకూడదు. కాబట్టి ఆర్డుయినోలో లెక్క, బల్ల మీద రంగు దీపాలు. దీపాలకు 120.

లెక్క కోసం మోతాదు: 75 గ్రాముల గ్లూకోజు, అంటే ఆసుపత్రుల్లో మధుమేహ పరీక్షకు తాగించేంత. కణాల బయటి ద్రవం 15 లీటర్లు అనుకుంటే అంతా అలాగే ఉండిపోయినప్పుడు డెసిలీటరుకు 500 మిల్లీగ్రాములు పెరుగుతుంది. మామూలుగా రక్తమంతటిలో ఉండే గ్లూకోజు చెంచాడు, అయిదు గ్రాముల లోపే.

ప్రతి నిమిషం:

1. గ్లూకోజుకు పేగు నుంచి 4 (డెసిలీటరుకు మిల్లీగ్రాములు) చేర్చాలి, 125 నిమిషాల వరకు.
2. ఇన్సులిన్ = పాత ఇన్సులిన్ × 0.87 + (గ్లూకోజు − 90) × 0.13. గ్లూకోజు 90 కంటే తక్కువైతే రెండో భాగం సున్నా.
3. పది నిమిషాల కిందటి ఇన్సులిన్ × 0.03 ను గ్లూకోజు నుంచి తీసేయాలి.

0.87 ఎక్కడిదంటే, రక్తంలో ఇన్సులిన్ సగానికి పడిపోవడానికి సుమారు అయిదు నిమిషాలు పడుతుంది. ఆ గుణకం లేకుండా నడిపితే విడుదలైన ఇన్సులిన్ పోగుపడుతూ గ్లూకోజు సున్నా కిందికి పోయింది. విడుదల ఎంత ముఖ్యమో చెరిగిపోవడం అంత ముఖ్యం.

గుణకంతో నడిపితే గ్లూకోజు 90 నుంచి దాదాపు 230 దాకా ఎక్కింది. రక్తంలో పెరిగాక మాత్రమే స్పందించే క్లోమం ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది. ఇక్కడ పేగు కబురును చేర్చాను: ఆహారం పేగులో ఉన్నంతసేపు ఇన్సులిన్‌కు అదనంగా నిమిషానికి 10.4. జీఎల్‌పీ-1, జీఐపీ అనే పేగు హార్మోన్లు చేసేది ఇదే. నోటితో తీసుకున్న గ్లూకోజు, రక్తనాళంలోకి ఎక్కించిన అంతే గ్లూకోజు కంటే ఎక్కువ ఇన్సులిన్‌ను రప్పించడానికి కారణం అవే. శిఖరం 230 నుంచి 170 దగ్గరికి దిగి, తరువాత 143 దగ్గర నిలబడింది.

అప్పుడు ఇంకో లోపం బయటపడింది. 125వ నిమిషంలో ఆహారం ఆగినా, అప్పటికే వదిలిన ఇన్సులిన్ పని చేస్తూనే ఉంది. గ్లూకోజు 67 దగ్గరికి జారి అక్కడే ఉండిపోయింది, పైకి తెచ్చేవారు లేరు. పుటికల్లోని ఆల్ఫా కణాలు వదిలే గ్లూకగాన్ అనే హార్మోనును చేర్చాను: గ్లూకోజు 80 కంటే తగ్గితే, తగ్గిన దానిలో పదో వంతు ప్రతి నిమిషం కాలేయం నుంచి కలపాలి. 73 దగ్గర పతనం ఆగి మెల్లగా 80కి చేరింది.

దీపాల వరుస ఇన్సులిన్‌ను తయారుచేసే బీటా కణం లోపలిది. గ్లూకోజు లోపలికి, కణానికి శక్తినిచ్చే అణువు ఏటీపీ పెరుగుదల, పొటాషియం ద్వారాలు మూత, కాల్షియం లోపలికి, ఇన్సులిన్ రేణువులు బయటికి. రెండో దీపం దగ్గర ఒక పేరు రాసి పెట్టాను. ఏటీపీని 1929లో వెలికితీసినవారిలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసిన భీమవరం వాడు యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. తిన్నామన్న సంగతి బీటా కణానికి చేరేది ఆ అణువు లెక్కతోనే అని పిల్లలకు తెలియాలి.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 5,600.

దశ 7: మిగిలిన పని

కొవ్వు పరీక్ష ఇంకా బలహీనం. పైత్యరసం లేకుండా లైపేజ్ కొవ్వు బొట్ల పైపైన మాత్రమే పనిచేస్తోంది. నాలుగో పంపు, నాలుగో సీసా పెట్టి, మసక సెన్సారు కబురుతోనే దాన్నీ నడపాలి. కోలిసిస్టోకైనిన్ క్లోమాన్ని, పిత్తాశయాన్ని ఒకేసారి కదిలిస్తుంది కాబట్టి తీగ కొత్తది అక్కర్లేదు. సీసాలో పోయడానికి ప్రయోగశాల పైత్య లవణాలకు చెప్పి ఉంచాను. అవి వచ్చేలోగా గిన్నెలు కడిగే ద్రవం ఒక చుక్క పాలలో వేసి చూస్తున్నాను. నురగ సెన్సారు గొట్టంలోకి చేరకుండా దాన్ని పరీక్షనాళికల్లో మాత్రమే వాడుతున్నాను.

నడిపిన ప్రతిసారీ చివర్లో:

1. మూడు గొట్టాల్లోనూ శుభ్రమైన నీరు రెండు నిమిషాలు నడపాలి. ఎంజైము మిగిలితే మర్నాటికి గొట్టం జిగురు పడుతుంది.
2. ఎలక్ట్రోడు గాజు గోళం మీద తెల్లసొన పొర పడితే రీడింగు ఆలస్యమవుతుంది. గోరువెచ్చని 0.1 మోలార్ ఆమ్లంలో పావుగంట ముంచి కడగాలి. గుడ్డతో రుద్దవద్దు.
3. ఎలక్ట్రోడును 3 మోలార్ పొటాషియం క్లోరైడు ద్రావణంలోనే ఉంచాలి, స్వేదనజలంలో కాదు.
4. పంపుల వేగం కొలజాడీతో మళ్లీ కొలిచి, తేడా ఉంటే ప్రోగ్రాములో అంకెలు మార్చాలి. 41 పోసిన పంపు ఇప్పుడు 36 పోస్తోంది.